పాత మోటారు సైకిళ్ళు: హైదరాబాదు పడమటి దిక్కున వాని పునరుద్ధరణ చరిత్ర

మియాపురము నుండి కొండాపురము వైపు మలుపు తిరుగు కూడలిని జనులు నేటికిని ఆల్విన్ చౌరస్తా యనియే పిలుచుచున్నారు. బస్సు కండక్టరు ఆ పేరే కేక వేయును. ఆ బస్సున ప్రయాణము చేయు కంప్యూటరు ఉద్యోగులలో పెక్కుమందికి అది ఒకనాటి కర్మాగారపు పేరని తెలియదు. 1942లో నిజాము ప్రభుత్వపు పారిశ్రామిక నిధి తోడ్పాటుతో స్థాపితమైన హైదరాబాదు ఆల్విన్ సంస్థ బస్సుల బాడీలు కట్టినది, బీరువాలు చేసినది, రిఫ్రిజిరేటర్లు చేసినది, చేతి గడియారములు చేసినది, పుష్పక్ అను స్కూటరును గూడ మన వీధులలోనికి పంపినది. 1990 దశకమున ఆ సంస్థ ముక్కలై ఇతరుల పరమయ్యెను. కూడలికి మాత్రము పేరు మిగిలినది. పేరుతోపాటు మరియొకటి గూడ మిగిలినది. అది ఇనుమును కోసి, చెక్కి, వెండ్రుకవాసి తేడా లేకుండ సరిచేయగల చేతిపని.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఆ చేతిపనిని గూర్చియే. మాదాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము ప్రాంతములలో అద్దాల మేడల నడుమ నేడు నలువది యేండ్ల నాటి, అరువది యేండ్ల నాటి మోటారు సైకిళ్ళు తిరుగుచున్నవి. అవి ధనవంతుల వేడుక యని పలువురు తలంతురు. కొన్ని అట్టివే కావచ్చును. కాని ఎక్కువ బండ్లు నెల జీతగాండ్రవి. అవి నడచుటకు మూలకారణము వారి డబ్బు గాదు. సైబర్ టవర్సు పుట్టకముందే ఆ దిక్కున స్థిరపడియున్న లేతు మిషన్ల పరిజ్ఞానము.

మన గ్రంథాలయ సంచికలో ఈ విషయమేల యని చదువరులు అడుగవచ్చును. మన గ్రంథాలయము తెరచుటకు కొలదికాలము ముందు, 1998 నవంబరు 22న, నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయిగారు మాదాపూరున సైబర్ టవర్సును ప్రారంభించిరి. పిమ్మటి పాతికేండ్లలో మన పల్లెల బిడ్డలెందరో ఆ దారి పట్టిరి. వారి తండ్రుల బండ్లు మాత్రము పశువుల కొట్టములలో, వడ్ల బస్తాల వెనుక, కోళ్ళు గ్రుడ్లు పెట్టు చోట్లయి నిలిచిపోయినవి. ఇప్పుడా బిడ్డలే కొందరు, ట్రాలీ ఆటో మాట్లాడుకొని వచ్చి, ‘నాయన బండి’ యని వానిని పట్నమునకు తీసికొనిపోవుచున్నారు. ఇది మన యూరి చరిత్రలోను ఒక భాగమే.

హైదరాబాదు రాజ్యమున మోటారు వాహనముల మరమ్మతు ఒక వృత్తిగా స్థిరపడుటకు ప్రభుత్వ బస్సులు ముఖ్య కారణమని నా యభిప్రాయము. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిరి. బస్సున్నచోట వర్కుషాపు తప్పదు, వర్కుషాపున్నచోట ఫిట్టరు తయారగును. పిమ్మట రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినది. యుద్ధము ముగిసిన తరువాత సైన్యమునకు అక్కరలేని బి.ఎస్.ఏ., నార్టన్, మ్యాచ్‌లెస్ మోటారు సైకిళ్ళు దేశమంతట వేలమున అమ్ముడుపోయినవి. వానిని ‘డిస్పోజల్’ బండ్లనిరి. అవి చౌకయే గాని విడిభాగములు సీమనుండి రావలెను. స్వాతంత్ర్యానంతరము దిగుమతులపై కట్టుబాట్లు బిగిసినవి. భాగము దొరకదు, బండి నడువక తప్పదు. అప్పుడు మెకానిక్కు చేయగలిగినది ఒక్కటే: అరిగిన భాగమును టర్నరు వద్దకు గొనిపోయి, దాని కొలతల ప్రకారము క్రొత్తది చేయించుట. మన దేశపు మరమ్మతు విద్య యంతయు ఆ యిరుకులోనుండి పుట్టినదే. దానికి ‘జుగాడ్’ అని పేరు పెట్టి నవ్వువారు కలరు గాని, సరియైన కొలతతో చేసిన బుష్షును జుగాడనుట అన్యాయము.

తరువాత దేశవాళి బండ్లు వచ్చినవి. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరున 350 సి.సి. బుల్లెట్టును కట్టనారంభించినది. ఇంగ్లండున రెడ్డిచ్ పట్టణమునందలి మాతృసంస్థ మూతపడినను మద్రాసు బుల్లెట్టు మాత్రము పోత ఇనుప సిలిండరుతో, కుడికాలి గేరుతో దశాబ్దములు మారక నిలిచినది. ఈ మారకపోవుట నాడు నింద. నేడు పాత బండ్లవారికి అదియే వరము. 1965 నాటి బుల్లెట్టుకు 1990 నాటి భాగములు పెక్కు సరిపోవును.

మైసూరున ఐడియల్ జావా కంపెనీ చెకోస్లోవాకియా వారి నమూనాపై 1960 దశకారంభమునుండి జావా బండ్లను చేసినది. 1973 నుండి అవే యెజ్డీ యను పేర వెలువడినవి. 1996లో ఆ కర్మాగారము మూతపడినది. జావాలో ఒక చిత్రమున్నది: గేరు కడ్డీయే, లోనికి నొక్కి నిలువుగా త్రిప్పినచో, కిక్కు కొట్టు కడ్డీ యగును. దాని సంగతి తెలియని మెకానిక్కునకు ఆ బండిని అప్పగించుట క్షేమము గాదు. ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ 175 సి.సి. బండి పోలండు దేశపు నమూనాపై వచ్చినది. పట్టణపు యువకుడు బుల్లెట్టును కోరెను, జావాను మెచ్చెను. పల్లెలో పాలక్యానులు మోసినది, ఎరువుల బస్తా మోసినది, రోగిని ఆసుపత్రికి చేర్చినది రాజ్‌దూతే. మన కొట్టములలో పడియున్నవి కూడ ఎక్కువగా అవియే. 1985లో యమహా ఆర్.ఎక్స్. 100, హీరో హోండా సి.డి. 100 వచ్చి కథను మార్చినవి. మొదటిది వేగమునకు, రెండవది పెట్రోలు పొదుపునకు పేరొందినవి. పొగ నిబంధనల వలన ఆర్.ఎక్స్. 100 తయారీ 1996లో ఆగినది. ఆగిన పిమ్మట దాని మోజు పెరిగినదే గాని తగ్గలేదు. కొత్తగా కొన్ననాటి ధరకు అనేక రెట్లు పెట్టి నేడు దానిని కొనుచున్నారు. తక్కువ ఖర్చులో పాత బండి కావలెననువారు దాని జోలికి పోకుండుట మేలు. ఇంటనే యున్న రాజ్‌దూతో, సి.డి. 100యో ఉన్నచో అంతకన్న చౌకబేరము లేదు.

ఇక పడమటి దిక్కునకు వత్తము. నేడు సైబరాబాదనబడు ప్రాంతమునకు ఆనుకొని సనత్‌నగరము, ఎర్రగడ్డ, బాలానగరము, కూకట్‌పల్లి, రామచంద్రాపురము కలవు. ఆల్విన్ కాక, 1960 దశకమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్, హెచ్.ఎం.టి. సంస్థలు ఈ వైపుననే నెలకొన్నవి. 1968లో బాలానగరమున కేంద్ర ప్రభుత్వపు టూల్ డిజైన్ సంస్థ ఏర్పడినది. పెద్ద కర్మాగారముల చుట్టును, పెద్దచెట్టు క్రింద మొలకలవలె, చిన్న చిన్న షెడ్లు లేచినవి: ఒక లేతు, ఒక డ్రిల్లింగు మిషను, ఒక వెల్డింగు సెట్టు, ముగ్గురు మనుష్యులు. కర్మాగారమున పని నేర్చినవాడు బయట షెడ్డు పెట్టెను. షెడ్డులో నేర్చిన కుర్రవాడు మరియొక షెడ్డు పెట్టెను. ఆర్డర్లు తగ్గిన నెలలలో ఆ షెడ్లకు స్కూటరు సిలిండరు బోరు చేయుట, బుల్లెట్టు క్రాంకు సరిచేయుట అన్నము పెట్టినవి. సాఫ్టువేరు మేడలు లేచినప్పుడు వాని వాకిట ఈ పనివారు ముందే యున్నారు. చెన్నపురి తరువాత బుల్లెట్టు ఇంజనును ఇంత దగ్గర దూరములో ఇన్ని చేతులు మార్చి బాగుచేయించుకొనగల చోట్లు దక్షిణమున తక్కువయని నా నమ్మకము.

ఇప్పుడు ఆ పని జరుగు తీరును కొంత విపులముగ చెప్పెదను. ఏలనన, ఖర్చు పెరుగుటయు తగ్గుటయు ఆ వరుసలోనే యున్నది.

పదియేండ్లు నిలిచిన బండిని చూడగానే ఎవరైనను మొదట చేయుపని కిక్కు కొట్టుట. అది చేయరాదు. పిస్టను సిలిండరుకు పట్టుకొనియున్నచో, బలముగా త్రొక్కిన రింగులు విరిగి గోడను గీయును. వంద రూపాయల పని వేలకు పోవును. ఉస్తాదులు మొదట ప్లగ్గు విప్పి, ఆ రంధ్రమున డీజిలును ఆయిలును కలిపి పోసి, రెండు మూడు దినములు వదలివేయుదురు. పిమ్మట గేరు వేసి వెనుక చక్రమును మెల్లగ ముందుకు వెనుకకు ఆడింతురు. కదలినచో సగము భయము తీరినట్లే.

పెట్రోలు ట్యాంకులో త్రుప్పు ఉండి తీరును. చిన్న నట్టులు, బోల్టులు, వెనిగర్ వేసి, ఒక రాత్రి నిలిపి, గలగల కుదిపి కడుగుదురు. కడిగిన వెంటనే వంటసోడా నీటితో పులుపును విరిచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, కొంచెము ఆయిలు తిప్పవలెను. లేనిచో సాయంత్రమునకే మరల త్రుప్పు పట్టును. కార్బురేటరును విప్పి, జెట్టు రంధ్రములను సన్నని రాగితీగతోనో గాలితోనో శుభ్రపరచుదురు. ఇనుప సూది పెట్టరాదు, రంధ్రము పెద్దదగును. పాయింట్లను నునుపు ఎమరీ కాగితముతో తుడిచి, సుమారు 0.4 మిల్లీమీటరు ఎడము ఉంచుదురు. ఇంతమాత్రముననే ప్రాణము వచ్చు బండ్లు గూడ ఉన్నవి. బుల్లెట్టున్నవారు అమ్మీటరు ముల్లు కదలికను చూచి, డీకంప్రెసర్ పట్టి, పిస్టను సరియైన చోటికి తెచ్చి అప్పుడు త్రొక్కుట నేర్వవలెను. అది నేర్వనివాని మోకాలికి బుల్లెట్టు వెంటనే బుద్ధి చెప్పును.

రెండు స్ట్రోకుల బండ్లలో, అనగా జావా, రాజ్‌దూత్, యమహాలలో, మరియొక చిక్కు కలదు. క్రాంకు ఇరువైపుల నుండు ఆయిలు సీళ్ళు ఏండ్ల తరబడి ఎండి బిరుసెక్కును. వాని పగుళ్ళగుండ గాలి లోనికి చొరబడిన యెడల, బండి అంటుకొనినను నిలకడగా తిరుగదు. తప్పు కార్బురేటరుదని నాలుగు సారులు విప్పించి డబ్బు పోగొట్టుకొన్నవారు కలరు. సీలు వెల కొద్ది; దానిని మార్చుటకు ఇంజను మొత్తము విప్పవలెను. కనుక ఒకమారు విప్పినప్పుడే సీళ్ళు, బేరింగులు, కనెక్టింగు రాడ్డు అన్నియు చూచుకొనుట పొదుపు.

సిలిండరు అరిగినచో బోరు చేయింతురు. పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటరు చొప్పున ఓవర్ సైజులలో దొరకును. మంచి టర్నరు పిస్టను చేతికి ఇచ్చినదాక బోరు మొదలుపెట్టడు. పిస్టనును కొలిచి, దానికి తగినంతయే కోయును. ముందే బోరు చేసి ‘పిస్టను తెచ్చుకొనుడు’ అనువాని వద్దకు పోరాదు. అన్నిటికన్న కష్టమైనది క్రాంకు. రెండు చక్రములనుండి పిన్నును ప్రెస్సుతో తీసి, క్రొత్త రాడ్డు ఎక్కించి, మరల ఆ చక్రములు ఒకే అక్షముపై తిరుగునట్లు చేయవలెను. డయలు గేజి ముల్లును చూచుచు, రాగి సుత్తితో ఇటొక దెబ్బ, అటొక దెబ్బ వేసి సరిచేయుదురు. ఎక్కడ, ఎంత దెబ్బ వేయవలెనో పుస్తకమున లేదు. చేతికి రావలసినదే.

ఇంతవరకు ఇంజను మాట. కాని బండి నడచుట వేరు, రోడ్డుపై నడువదగుట వేరు. హైటెక్ సిటీ రోడ్లపై ముందుపోవు కారు నేటి బ్రేకులతో ఠక్కున నిలుచును. వెనుక వచ్చు రాజ్‌దూత్ పాత డ్రమ్ము బ్రేకుతో అంత దూరములో నిలువజాలదు. అందుచేత డబ్బు తక్కువయున్నవాడు మొదట బ్రేకు షూలు, కేబుళ్ళు, టైర్లు, చైను, దీపములు మార్చి, పిమ్మట ఇంజనుపై చేయి వేయవలెను. టైరుపై గాట్లు నిండుగానున్నను, రబ్బరు పగిలియున్నచో పారవేయవలసినదే. రంగు, క్రోమియము పూతలు అన్నిటికన్న తుదకు. నేను చూచినంతలో పెక్కుమంది ఈ వరుసను తలక్రిందులు చేయుదురు. ట్యాంకు అద్దమువలె మెరయును, బ్రేకు త్రొక్కిన బండి తన యిష్టము వచ్చినచోట ఆగును.

మరియొక వింత. సైబరాబాదున అత్యుత్తమమైన దారి యగు బాహ్యవలయ రహదారిపైకి ద్విచక్రవాహనములను రానీయరు. కావున ఈ బండ్లన్నియు దాని ప్రక్కనున్న సర్వీసు రోడ్లనే నమ్ముకొనియున్నవి. బొత్తిగా గాలి తగులని సాయంకాలపు రద్దీలో మెల్లమెల్లగా ప్రాకునప్పుడు గాలితో చల్లబడు పాత ఇంజను వేడెక్కి బిగుసుకొనుట కలదు. ఎరిగినవారు ఉదయముననే బయలుదేరి, రద్దీ తగ్గినదాక ఆఫీసు ముందర బండిని నిలుపుదురు.

భాగములకు నగరమున మూడు తావులు. క్రొత్త భాగములకు, అనుకరణ భాగములకు కోఠి సమీపమున పుత్లీబౌలి. బేరింగులు, బోల్టులు, పనిముట్లు మొదలగు వానికి సికింద్రాబాదు రాణీగంజు. పాత భాగములకు పురానాపూలు వద్ద గురువారపు సంత, దానినే జుమ్మెరాత్ బజారందురు. ఎర్రగడ్డలో ఆదివారపు సంత. బేరింగునకు పై పెట్టెమీది పేరు గాదు, బేరింగుమీది నంబరు ముఖ్యము. మోటారు సైకిలు కంపెనీ పేరు చెప్పి అడిగినచో ఒక వెల, నంబరు చెప్పి అడిగినచో ఒక వెల. పాత సంతలో కొనువారు, తాము కొనుచున్న ఇంజను క్రాంకుకేసుపై నంబరు చెక్కివేయబడలేదు గదా యని చూడవలెను. చెక్కినదైనచో అది దొంగసొత్తు కావచ్చును; ఎంత చౌకయైనను వదలివేయవలెను.

పెట్రోలును గూర్చి ఒక మాట. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతట సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు. పాత నాలుగు స్ట్రోకుల ఇంజన్లలో ఆ సీసము వాల్వు సీటుకు కొంత రక్షణగ నుండెడిది. కనుక టాపెట్టు ఎడమును మునుపటికన్న తరచుగ చూచుకొనవలెను. ఇటీవల పెట్రోలులో ఇథనాలు కలుపుట హెచ్చి, 2025 నాటికి నూటికి 20 వంతులకు వచ్చినది. ఇథనాలు తేమను పీల్చును, పాత రబ్బరును మెత్తబరచును. పాత బండికి పెట్రోలు గొట్టమును నేటి రకమునకు మార్చి, నెలల తరబడి నిలుపునప్పుడు ట్యాంకును, కార్బురేటరును ఖాళీ చేయుట అవసరము. జావాకు, రాజ్‌దూతుకు పెట్రోలులోనే ఆయిలు కలుపవలెనన్న సంగతి నేటి బంకు కుర్రవాండ్రలో పెక్కుమందికి తెలియదు. సొంతదారుడే సీసాలో ఆయిలు వెంట తెచ్చుకొనవలెను.

ఇక కాగితములు. నా దృష్టిలో ఇదియే అసలు ఘట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత మోటారు సైకిలు రిజిస్ట్రేషను పదునైదేండ్లే చెల్లును; పిమ్మట తనిఖీ చేయించి, అయిదేండ్లకొకమారు పొడిగించుకొనవలెను. మన కొట్టములలోని బండ్లలో అనేకము మూడక్షరముల పాత నంబర్లవి. ఆ వివరములు నాటి లెడ్జర్లలోనున్నవి గాని కంప్యూటరులో లేవు. వానిని ముందు కంప్యూటరులోని కెక్కించిన గాని పొడిగింపు జరుగదు. 2025 ఆగస్టులో ఇరువదేండ్లు దాటిన మోటారు సైకిళ్ళకు పొడిగింపు రుసుమును రెండువేల రూపాయలకు పెంచిరి. దీనికి హరిత పన్ను, భీమా, పొగ పరీక్ష, క్రొత్త రకపు నంబరు పలక వేరు.

యజమాని గతించినచో చిక్కు ఇంకను పెరుగును. వారసులు ముప్పది దినములలో తెలిపి, మూడు నెలలలోపల 31వ ఫారముతో తమ పేరిట మార్చుకొనవలెనని నిబంధన. మన ఇండ్లలో కర్మకాండల నడుమ తండ్రి బండి కాగితము ఎవరికి గుర్తుండును? పదునైదేండ్ల తరువాత కుమారుడు మాదాపూరు నుండి వచ్చి వెదకునప్పటికి ఆర్.సి. పుస్తకము చెదలపాలు. అన్నదమ్ముల సంతకములు కావలెను. ఒకరు దుబాయిలో నుందురు. ఇంజనుకు వేలు పోసి బాగుచేయించి, కాగితము లేక ఇంటి వాకిట నిలుపుకొన్నవారిని నేనెరుగుదును. బండి కదలును, ఊగును, గుండె నిండ శబ్దము చేయును, గేటు దాటరాదు.

ఏబదియేండ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక నిబంధనలు చేసినది. వానికి ‘వి.ఏ.’ అక్షరములు గల నంబరిత్తురు. రుసుము ఇరువదివేల రూపాయలు, పదేండ్లు చెల్లును. కాని అట్లు నమోదైన బండిని నిత్యము రోడ్డుపై నడుపరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే బయటికి తీయవలెను. నాయన బండిపై ఆఫీసుకు పోవలెనను కోరికకు ఈ దారి పనికిరాదు.

ప్రతి సంవత్సరము జులై మాసపు రెండవ ఆదివారమున జావా, యెజ్డీ బండ్లవారు దేశమున అనేక నగరములలో తమ బండ్లతో కూడుదురు. అట్టి కూటములలో సొంతదారుల వయస్సు ఇరువది, ముప్పదియైనచో, వారి బండ్లను బాగుచేసిన ఉస్తాదుల వయస్సు అరువది, డెబ్బది. ఈ తేడాను పట్టించుకొనువారు తక్కువ. ఉస్తాదు కొడుకు కొత్త బండ్ల షోరూములో చేరి కంప్యూటరు పెట్టి లోపము చెప్పుచున్నాడు. అతని జీతము తండ్రి ఆదాయముకన్న నిలకడ గలది, అతనిని తప్పుపట్టుట తగదు. అయితే డయలు గేజి ముందర రాగి సుత్తి పట్టి కూర్చుండువాడు ఎవ్వడు? అదృష్టవశమున కొందరు యువ ఇంజనీర్లే శని, ఆదివారములలో షెడ్డుకు పోయి, ఉస్తాదు ప్రక్కన పీటవేసికొని కూర్చుండి నేర్చుకొనుచున్నారు. ఉస్తాదు నోటిమాటను వ్రాసి, కొలతలను బొమ్మలు గీసి పెట్టుకొనువారు గూడ కలరు. అట్టి వ్రాతపుస్తకము ఒక్కటైనను మన గ్రంథాలయపు అలమరకు చేరినచో నాకు సంతోషము.

అంతకుముందు మన యూరివారు చేయదగిన పని ఒకటున్నది. ఇంటిలో పాత బండి యున్నవారు, ఈ సంచిక చదివిన దినముననే, ఇనుపపెట్టె తెరచి ఆర్.సి. పుస్తకమున్నదేమో చూడుడు. ఉన్నచో దానిని రెండు ప్రతులు తీయించి, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు వేరుగ వ్రాసి భద్రపరచుడు. లేనిచో పోలీసు ఠాణాలో తెలిపి, 26వ ఫారముతో నకలు కోరవచ్చును. యజమాని జీవించియుండగానే ఇది సులభము. బండిని ఇంకొక ఏడాది కొట్టములో ఉంచినను నష్టము స్వల్పము. ట్యాంకులో మిగిలిన పెట్రోలును మాత్రము తీసివేసి, ప్లగ్గు రంధ్రమున నాలుగు చుక్కల ఆయిలు వేసి, చక్రముల క్రింద ఇటుకలు పెట్టి పైకెత్తి యుంచుడు.